పినాంగుకి రోకలి తీసుకెల్లిన కత

కూకో. ముందు కూకో, తరవాత రాయి. ఆ కుర్సీ కాదు, దానికి కాలు ఊగతాది. ఆ ఫోను అవతల పెట్టి సరిగ్గా ఇను సిన్నీ. మీ ఆదివారం తెలుగు క్లాసు టీచరు పుస్తకంలో ఏస్తానన్నారు గదా, నాను సెప్పినట్టే రాయి. నాను ‘ఏటి’ అంటే ‘ఏమిటి’ అని దిద్దకు. రేపు ఎవులైనా ఇది సదివి మన ఊరు సుంగై సుమున్ నించి సముద్రం అవతల పినాంగు లంకకి ఎల్తే దారి తప్పకూడదు. రోకలి పట్టుకుని ఎల్లేవోల్లయితే మరీ నిదానంగా సదవాలి.

ఎందుకెల్లినానంటే మీ మేనత్త కూతురు కవిత పెల్లి. నీకు తెలుసు లా, సదివేవోల్లకి తెలీదు గదా! మాట సివర ‘లా’ అనడం ఇక్కడి మలాయి అలవాటు, అదీ తెలీదు. నా కూతురు కాపరం పినాంగులో. దాని కూతురు కవిత అక్కడే ఒక ఫేక్టరీ ఆఫీసులో పని సేస్తంది. పెల్లి ఆదివారం. సుక్కురారం పొద్దున్న పసుపు దంచడం. రోట్లో పసుపుకొమ్ములేసి ముత్తయిదువులు రోకలితో దంపితేగానీ మనకి పెల్లిపని మొదలైనట్టు కాదు.

ఆ ముందు వారం కవిత ఫోను సేసినాది. ఎప్పట్లాగే మలాయిలో, ఏడుపు గొంతుతో. "అమ్మమ్మా, అత్తయ్య రోకలి పాట వద్దంటంది లా. ఎస్టేట్ పాట, కాల్లు బాదే పాట, గెస్టులు నవ్వుతారంటంది." అత్తయ్యంటే పెల్లికొడుకు తల్లి. ఆలు కిరాణీల వంసం, కిరాణీ అంటే ఎస్టేటు గుమస్తా, తాతల నాటి నించీ ఆఫీసు ఉద్యోగాలు. కాలు మీద కాలేసుకుని కూకునే మనుసులు. "పోనీలే తల్లీ, పాట లేకపోతే పసుపు నలగదా?" అన్నాను. అప్పుడు అదొక మాటన్నాది సిన్నీ, నా గుండెకి తగిలినాది. "అమ్మమ్మా, నాకు తెలుగు అర్దమవుద్ది, మాటాడ్డం రాదు. మొత్తం వచ్చిన తెలుగు ఆ పాట ఒక్కటే. అదీ లేకపోతే నేనేం తెలుగు పెల్లికూతురిని? నువ్వు వొచ్చి పాడు."

ఇంక ఆగుతానా?

ఆ పాట సంగతి సెప్పకపోతే ఎవులికీ ఏటీ తెలీదు. రాసుకో. మా పెల్లినాటి మాట ఇది. కొబ్బరితోటలో, ఎస్టేటు కూలోల్ల లైను ఇల్లల్లో ఉండేవోల్లం. మా వాకిట్లో రోలేసి మా అమ్మా, పిన్నులూ పసుపు దంపుతన్నారు. ఎవులికీ జత కుదరడం లేదు. ఒకలు ఎత్తితే ఇంకొకలు దించతన్నారు, రోకల్లు ఒకదానికొకటి గుద్దుకుంటన్నాయి. అంతట్లోకి కిరాణీ బంగలాలో పిల్లలు రికార్డు పెట్టినారు. దమ్ దమ్ టప్! దమ్ దమ్ టప్! తరవాత ఒక తెల్లోడు గొంతు సింపుకుని అరిసినాడు, "రోకలీ! దంపాలీ!"

మేమందరం బొమ్మల్లా ఆగిపోనాము. అదేటి, ఇంగిలీసు రికార్డులో రోకలేటి, దంపడమేటి? మా అమ్మ సెయ్యి ఎత్తింది ఎత్తినట్టే ఉంచి, "సూసినారా, తెల్లోడు మన పెల్లికి పాట పంపినాడు" అన్నాది. అంతే! ఆడు అరవడం, మేం దంపడం. రెండు దెబ్బలు రోట్లో, మూడోదానికి గాజులు గలగలమనేలా సప్పట్లు. పసుపు ఎప్పుడు పిండయిందో ఎవులికీ తెలీలేదు.

తరవాత రేడియోలో, సంతల్లో ఎక్కడిన్నా ఆ పాట ఉండేది. మద్దిలో మాటలు ఒక్కటీ తెలిసేవి కావు. తెల్లోడి తెలుగు అంతే గదా, నోరు తిరగదు పాపం, అనుకునేదాన్ని. మీ తాత పెల్లయిన కొత్తలో ఒకసారి నన్ను పేరెట్టి పిలిసి, "అది ఇంగిలీసు పాటే సింహాలూ" అన్నారు. మూడు రోజులు మాటాడలేదు నాను. మల్లీ ఎత్తలేదు ఆ ఊసు.

ప్రతి పెల్లికీ ఆ పాటకి ఒక కొత్త ముక్క కట్టడం మా లైనులో ఆనవాయితీ అయిపోనాది. మొదటి ముక్క మా అమ్మది, "పసుపుకొమ్ము నలగాలీ!" నా ఆడపడుచు పైడమ్మ పెల్లికి, పని సేయించే కంగాణీ సెలవివ్వనన్నాడని, "కంగాణి బాబు పారిపోవాలీ!" అని కట్టినాము. నా కూతుర్ని పినాంగుకి ఇచ్చినప్పుడు "పినాంగు పడవ ఆగాలీ!" అన్నాము. అందరూ ఏడుస్తా నవ్వినారు.

సరే, ప్రయాణం. బేస్తవారం పొద్దున్న ఆరింటికి మీ నాన్న కారెక్కించినాడు. నానూ, పైడమ్మా, రోకలీ. నీకు పరీచ్చలు, మీ నాన్నకి డ్యూటీ, మీరందరూ సనివారం గానీ రారు. రోకలి మా అమ్మదే. ఎస్టేటు వడ్రంగి సెంగాల్ కర్రతో సేసినాడు, ఇనుములాంటి కర్ర. నా బుజం ఎత్తుంటాది. కింద ఇనప పొన్ను. దానికి మీ తాత పాత కైలి లుంగీ సుట్టి తాడు కట్టినాను. కారులో పట్టక కిటికీలోంచి తల బైటికెట్టినాది. తెలుక్ ఇంతాన్‌లో ఆగి నాసి లెమాక్, అదే కొబ్బరిపాల అన్నం, పొట్లాలు కట్టించుకున్నాము. పైడమ్మ నాలుగు తీసుకున్నాది. "ఇద్దరమే గదే" అంటే, "రోకలికి ఆకలెయ్యదా వదినా?" అన్నాది.

తపా రోడ్ స్టేసను సిన్నది, సుబ్బరంగా ఉంటాది. అరగంట ముందెల్లండి. ముసలోల్లు గుర్తింపు ఐసీ కార్డు దగ్గరెట్టుకోండి, టికెట్టు తగ్గిస్తారు. ఎనిమిదిన్నర దాటినాక వొచ్చినాది రైలు. తలుపు కాడ టికెట్లు సూసే మలాయి పిల్లోడు రోకలిని కింద నించి పైకి, పైనించి కిందకి సూసినాడు. "మక్‌చిక్, ఇదేటి?" అన్నాడు. మక్‌చిక్ అంటే పెద్దమ్మా అని. "పెల్లికి" అన్నాను. "పెల్లికి కొట్టడానికా?" అన్నాడు. "పసుపుని" అన్నాను. గోడ మీద కంపు కొట్టే దురియన్ పండు తేవొద్దని బొమ్మ ఉన్నాది. "సూడు నాయనా, దురియన్ వద్దని ఉంది, రోకలి వద్దని లేదు" అని సూపించినాను. నవ్వేసి, తనే మోసుకెల్లి సామాన్లు పెట్టే కాడ నిలబెట్టినాడు.

సల్లగా ఉంటాది లోపల, సాలువా తీసుకెల్లండి. ఇపోలో ఒక చీనా పెద్దాయన ఎక్కి మా ఎదురుగా కూకున్నాడు. బస్సు డ్రైవరు పని సేసి మానేసినాడట. సెవుల్లో తీగలెట్టుకుని కాలు ఆడిస్తన్నాడు. రెండుసార్లు కాలు, ఒకసారి తొడ మీద సెయ్యి. దమ్ దమ్ టప్. నాను పైడమ్మని పొడిసినాను. "ఏటే అది?" పైడమ్మకి ఒక సెవి పనిసెయ్యదు గానీ కల్లు బాగా పనిసేస్తాయి. "మన పాటే వదినా!" అన్నాది.

ఆపుకోలేకపోనాను. నెమ్మదిగా "రోకలీ! దంపాలీ!" అన్నాను. ఆయన తీగలు పీకేసి, "అంటీ! మీకీ పాట తెలుసా?" అన్నాడు మలాయిలో. "తెలీకపోవడమేటి, మా తెలుగు పాట గదా" అన్నాను. ఆయన నా మొకం సూసి, పైడమ్మ మొకం సూసి, "కాదంటీ, ఇంగిలీసు" అన్నాడు. "నీకు తెలుగొచ్చా?" అన్నాను. "రాదు." "మరెలా సెప్తావు?" మాటలు సాలక ఆయన ఫోను తీసి బొమ్మ పెట్టినాడు.

ఓలమ్మో సిన్నీ! ఇన్నేల్లూ నాను ఆ తెల్లోడంటే మీసాలున్న దొర, టోపీ పెట్టుకుని పక్కన రోకలి ఆనించుకుని నిలబడతాడనుకున్నాను. సూద్దును గదా, ఎండి జరీ లాగూ! కంటికింద తళుకులు! ఇంత ఎత్తు మడమల జోల్లు! జుట్టు గెడ్డిమోపు! పగటేసం ఏసినోడు కూడా అంత సింగారించుకోడు. పైడమ్మ ఫోను లాక్కుని, "వదినా, ఈడి కన్నా నీ పెల్లినాడు నీ నగలు తక్కువే" అన్నాది. ఆయన ఏలుతో కింద రాసిన మాటలు ఒకటొకటే సూపించినాడు. "రాక్, ఆల్ యీ" అంటే అందరూ ఊగండి. "తంప్, ఆల్ యీ" అంటే అందరూ కాల్లు బాదండి. రోకలి లేదు. దంపడం లేదు.

నవ్వు వొచ్చినాది ముందు, కడుపు పట్టుకుని నవ్వినాను. తరవాత కవిత గుర్తొచ్చినాది. నవ్వు ఆగిపోనాది. "మొత్తం వచ్చిన తెలుగు అదొక్కటే" అన్నాది గదా పిల్ల. అది తెలుగే కాకపోతే? దానికి నేర్పింది నానే గదా. తెలుగని సెప్పి నాను ఇంగిలీసు నేర్పినాను! పైడమ్మ సెవిలో, మంచి సెవిలోనే, "ఈ సంగతి పినాంగులో నోరెత్తకు" అన్నాను. "ఏ సంగతి?" అని గట్టిగా అరిసినాది. రైలుపెట్టి అంతా తిరిగి సూసినాది.

ఆయన మాత్రం పాట ఆపితేనా! సప్పుడు పెంచినాడు. ముందు సీట్లో తలకి తుడుంగు గుడ్డ కట్టుకున్న మలాయి పిల్లలిద్దరు, వాల్ల అమ్మ కూడా పుట్టని నాటి పాట, ఎనక్కి తిరిగి సప్పట్లేసినారు. "మా స్కూల్లో ఆటలప్పుడు ఏస్తారు" అన్నారు. తైపింగ్‌లో దిగతా ఆ పెద్దాయన, "అంటీ, మీ మాటలే బాగున్నాయి. నాను ఇంక రోకలీ అనే పాడతాను" అని దండం పెట్టినాడు. తైపింగ్ దాటినాక ఎడాపెడా సెరువు వస్తాది, రైలు నీల్ల మీదే పోతన్నట్టుంటాది. అది సూడ్డానికైనా కిటికీ సీటు అడగండి. నాను సరిగ్గా సూల్లేదు. నా దిగులు నాది.

పన్నెండుకి బటర్‌వర్త్. స్టేసను నించి నడిసే పడవ కాడికి ఎల్లొచ్చు. ఒక్కటి గుర్తెట్టుకోండి, అక్కడ సిల్లర తీసుకోరు, కార్డు తాకించాలి. మా కాడ కార్డేదీ? ఎనకాల ఒక ఆఫీసు పిల్ల, "పరవాలేదు మక్‌చిక్" అని తన కార్డు మూడుసార్లు తాకించబోనాది. "ఇద్దరమే" అన్నాను. కైలి సుట్టిన రోకలి సూసి మూడో మనిసనుకున్నాదట! పడవలో గాలికి కైలి ఊడిపోయి రోకలి బైటపడినాది. ఇంకేటి, సుట్టూ జనం, అందరూ ఒకసారి ఎత్తి సూసినోల్లే. ఒకడు పక్కనున్నోడికి ఫోను ఇచ్చి రోకలితో ఫొటో తీయించుకున్నాడు.

నా కూతురి ఇల్లు పదకొండో అంతస్తు. అక్కడ దంపితే పదో అంతస్తోల్ల నెత్తిన పడతాది గదా, అందుకని కింద హాలు రెండు గంటల సేపు అద్దెకి తీసుకున్నారు. రోలు నాను దానికిచ్చిందే. బాల్కనీలో కరేపాకు మొక్కకి కుండీ సేసేసింది! మొక్క పీకి, రోలు కడిగి, లిఫ్టులో దించేతలికి అల్లుడికి నడుం పట్టేసినాది. ఆ పూట నాను కవిత మొకం సూడకుండా తిరిగినాను. అది నా ఎనకే, "అమ్మమ్మా, రేపు పాడతావు గదా, ప్రామిస్ లా?" అంటా. "గొంతు బాలేదమ్మా" అన్నాను. అబద్దమాడినాను. అది నమ్మి, ఏన్నీల్లు కాసి తెచ్చిచ్చినాది. అది మరీ బాద.

సుక్కురారం పదింటికి అందరూ వొచ్చినారు. వియ్యపురాలు పట్టుసీరలో గడియారం సూసుకుంటా, "రెండు గంటలే టైముంది, పద్దతిగా కానివ్వండి" అన్నాది. పెల్లికొడుకు తాతగారు, రిటైరైన కిరాణి, సేతికర్ర పట్టుకుని ముందు కుర్సీలో. రోటికి తోరం కట్టినాము, కొమ్ములేసినాము. నాను నోరు బిగించుకుని మొదటి దెబ్బేసినాను. పైడమ్మ రెండోది. కవిత నా మొకమే సూస్తంది. పాట లేదు. రోకలి సప్పుడు ఒక్కటే.

కానీ సిన్నీ, సేతులు ఊరుకుంటాయా? ఇన్నేల్ల అలవాటు. దమ్. దమ్. మూడోదానికి నా గాజులు వాటంతటవే టప్‌మన్నాయి. దమ్ దమ్ టప్. ఎదురుగా తాతగారి సేతికర్ర నేలమీద దమ్ దమ్ అన్నాది. ఆయన కల్లు మూసుకుని, ముసలిగొంతు ఎత్తి, "రాక్, ఆల్ యీ! తంప్, ఆల్ యీ!" అని అరిసినాడు. సుద్దమైన ఇంగిలీసు! కల్లు తెరిసి నాకేసి సూసి, "ఏమండీ, మీకూ తెలుసా? వయసులో ఉన్నప్పుడు మేం దీనికి తెగ ఎగిరేవాల్లం. బలే ఇంగిలీసు పాట!" అన్నాడు.

అయిపోనాది. కవిత లేచి నిలబడినాది. "ఇంగిలీసా? అమ్మమ్మా? అది తెలుగు కాదా?"

వియ్యపురాలు, "నేను సెప్పలేదా?" అన్నట్టు సూసినాది. నాను రోకలి ఆనించుకుని నిజం సెప్పేసినాను. "నాకూ నిన్ననే తెలిసింది తల్లీ. రైల్లో తెలిసింది. తెల్లోడు ఊగమన్నాడు, మేం దంపమన్నాడనుకున్నాం."

"అయితే నాకు వచ్చిన తెలుగు..." అని ఆగిపోనాది. 

నాకు అప్పటిదాకా తట్టలేదు సిన్నీ, ఒట్టు. దానికి సమాదానం సెప్పడానికి నోరు తెరిసినప్పుడే తట్టినాది. "ఉండు. పసుపుకొమ్ము నలగాలీ, అది తెల్లోడన్నాడా? మీ తాతమ్మ అన్నాది. కంగాణి బాబు పారిపోవాలీ, అది ఆ ఎండి లాగూ వోడికి తెలుసా? ఇదిగో ఈ పైడమ్మకి తెలుసు, సెలవు దొరకనిది దీనికే. పినాంగు పడవ ఆగాలీ, అది మీ అమ్మని పంపలేక నాను కట్టుకున్నది." రోకలి తిరగేసి కింద ఇనుము సూపించినాను. "సూడు. ఈ పొన్ను ఆడిది. కర్ర మనది."

 పైడమ్మ ఎప్పట్లాగే గట్టిగా, "మరి ఈ పెల్లికి ముక్క ఎవులు కడతారు?" అన్నాది. ఎప్పుడూ పెద్దోల్లం కడతాము. నాను ఆలోసిస్తన్నాను, ఈలోగా కవిత, "నేను" అన్నాది. రోకలి నా సేతిలోంచి తీసుకున్నాది. బరువుకి ఒకడుగు తూలినాది. పెదాలు కదుపుకుంటంది, మాట ఎతుక్కుంటంది. ‘అలామా’, అదే మన ‘అయ్యో’, అంటా నుదురు కొట్టుకున్నాది. తరవాత ఎత్తినాది, దమ్, దమ్, అని ఎయ్యి మంది ఇనేలా:

"రోకలీ! దంపాలీ! అత్తయ్యా... నవ్వాలీ!"

 వియ్యపురాలు మూతి బిగించినాది. బిగించినాది గానీ బుగ్గలు ఆగలేదు. ముక్కులోంచి ఒక సప్పుడు వొచ్చినాది, తరవాత నవ్వు, కల్లెంట నీల్లు కారేలాగ. "ఎవరు నేర్పారే నీకిది?" అన్నాది. "ఎవులూ నేర్పలేదు అత్తయ్యా, నాను కట్టినాను" అన్నాది నా మనవరాలు. తప్పుల్లేని తెలుగు. మన తెలుగు! పట్టుసీర కొంగు దోపి వియ్యపురాలే రోకలి అందుకున్నాది. ఆవిడ ఎయ్యడం సూడాలి సిన్నీ, అలవాటున్న సెయ్యే! ఆలమ్మమ్మ కూడా ఎస్టేటు మనిసేనట, తరవాత సెప్పినాది, మెల్లిగా. తాతగారు ఇంగిలీసులో, మేం తెలుగులో, కుర్రోల్లు ఏ బాసా కాకుండా. సప్పుడెక్కువైందని సెప్పడానికొచ్చిన కాపలా మనిసి కూడా తలుపు కాడ నిలబడి కాలు బాదతన్నాడు. రెండు గంటలు కాస్తా మూడయినాయి. ఎవులూ గడియారం సూల్లేదు.

పెల్లి నువ్వు సూసినావు, రాయక్కర్లేదు. సోమవారం మీ కారులో మీ అమ్మ సామాన్లు నిండిపోనాయి గదా, నానూ పైడమ్మా మల్లీ పడవే ఎక్కినాము. ఈసారి అల్లుడు కార్డిచ్చినాడు. పడవ కదిలినాక పైడమ్మ గుండెలు బాదుకున్నాది, "వదినా! రోకలి మర్సిపోనావు!" అని. మర్సిపోలేదు, ఇచ్చేసినాను. పెల్లయినాక వియ్యపురాలే దాన్ని తన కారులో పెట్టించుకున్నాది, "మా ఇంట్లోనే ఉండాలి, ఇంకో పిల్ల ఉంది నాకు" అని. సేతులు కాలీగా ఉంటే ఏటో తేలిపోతన్నట్టుంది. రైల్లో సల్లటి చెండోల్ పానకం తాగినాము, అది బటర్‌వర్త్‌లోనే కొనుక్కోండి. సెరువు ఈసారి బాగా సూసినాను. నీల్లలో మబ్బులు, మబ్బుల మీద రైలు. పైడమ్మ నిద్దర్లో కూడా కాలు ఆడిస్తంది.

ఇంటికొచ్చి మీ తాతకి అంతా సెప్పినాను. ఆయన పేపరు దించకుండా, "నాను అప్పుడే సెప్పినాను" అన్నారు. ఇన్నేల్లు కాసుకున్నారు సూడు ఆ మాటకి! ఈసారి మూడు రోజులు కాదు, నవ్వేసినాను.

ఇప్పుడు ఆకరి ముక్క, జాగర్తగా రాయి. ఆ ఎండి లాగూ వోడి పాట ఇన్నేల్లయినా ఎందుకు పాతబడలేదంటే, దానికి మాటలు రానక్కర్లేదు. రెండు కాల్లూ ఒక సప్పట్టూ ఉంటే సాలు. మిగతాది ఎవులి నోటికి ఏది వస్తే అది కట్టుకోవచ్చు, ఆడేటి అడ్డు సెప్పడు. నువ్వు కూడా సిన్నీ, తప్పయినా పరవాలేదు, నీ ముక్క ఒకటి కట్టు. ఊఁ, దమ్ దమ్... రోకలీ, దంపాలీ... సిగ్గెందుకు... ఏటే కోడలా? ఇంకా రెండు మాటలున్నాయి! ఏటంటంది? "అత్తా, సేపల పులుసు సల్లారిపోతంది, తినాలీ!" అంటన్నావా? ఇన్నావా సిన్నీ, మీ అమ్మ కూడా ముక్క కట్టేసినాది!